పక్కవాళ్ళ కార్డు

ఊరికే ఎవరూ టీ ఇవ్వరు. అందులోనూ పని వేళల్లో, చేతిలో పని ఆపించి, మీటింగు గదిలో కూర్చోబెట్టి మరీ ఇస్తామంటే దాని వెనక ఏదో ఉండే ఉంటుంది. నా అనుమానాలన్నిటికీ నా ఉద్యోగమే కారణం అంటారు మా ఆయన. మిల్లులో నేసిన బట్ట తానులు తానులుగా మా చెకింగ్ సెక్షన్‌కి వస్తుంది. కింద లైటు వెలిగే అద్దపు బల్ల మీద దాన్ని లాగుతూ, తెగిన పోగు, ముడి, మరక, రంగు తేడా, ఏది కనపడినా పక్కన ఎర్ర బాణం స్టిక్కరు అంటించాలి. రోజంతా కళ్ళల్లో వత్తులు వేసుకుని తప్పులు వెతికేదాన్ని, ఇంటికెళ్ళాక మనుషుల్ని నమ్మమంటే ఎలా నమ్మను?

ఆ వారం మా సెక్షన్ నిండా ఒకటే గుసగుస. బల్లలు తగ్గిస్తారట, మనుషుల్నీ తగ్గిస్తారట. ఆ మాట మోసుకొచ్చింది మా అందరిలోకీ నోరున్న కబుర్లక్క. సరిగ్గా అప్పుడే సూపర్‌వైజరు వచ్చి, రేపు ఒక మేడమ్ వస్తున్నారు, అందరం టీ తాగుతూ కాసేపు కార్డులతో ఆడుకుందాం, ఒకరినొకరు తెలుసుకుందాం అన్నాడు. ఏళ్ళ తరబడి ఒకే గదిలో ఉన్నవాళ్ళం, ఏ తుమ్ము ఎవరిదో కళ్ళు మూసుకుని చెప్పగలం. ఇంకా తెలుసుకోవడానికి ఏం మిగిలిందట? ఎవరిని ఉంచాలో ఎవరిని పంపాలో చూసుకోవడానికే ఈ ఆట అని నేను తేల్చేశాను.

నాకు నా గురించి బెంగ లేదు. బెంగంతా మా వదిన గురించే. వదిన అంటే మా ఆయనకి స్వయానా అక్క. నన్ను ఈ పనిలో పెట్టించింది కూడా ఆవిడే. మా బల్లలు పక్కపక్కనే. ఈమధ్య ఆవిడ చూపు మసకబారింది. ముడులూ తెగిన పోగులూ వేళ్ళతో తడిమి పట్టేస్తుంది గానీ, మరకలు, రంగు తేడాలు ఆవిడకి అందడం లేదు. అది అందరికంటే ముందు కనిపెట్టింది నేను. అప్పటినుంచి ఆవిడ చూసేసిన తానుని నా బల్ల మీదికి లాక్కుని, మళ్ళీ చూసి, ఆవిడ వదిలేసినవాటికి బాణాలు అంటించి పంపుతున్నాను. సూపర్‌వైజరుకి చెప్పేస్తానని వదిన ఒకటి రెండుసార్లు అంది. నోరు మెదపొద్దన్నాను. చూపు లేదని తెలిస్తే చెకింగ్‌లో ఒక్క రోజు ఉంచరు. మేం తప్ప ఆవిడకి ముందూ వెనకా ఎవరూ లేరు. మిల్లు పక్కన ఒక చిన్న అద్దె గది, ఈ ఉద్యోగం, అంతే. ఇది పోతే అదీ పోతుంది. అక్కని మన దగ్గరికి తెచ్చుకుందామా అని మా ఆయన ఓసారి అడిగితే, ఆవిడకి తన గదే ఇష్టం లెండి అని మాట మార్చేశాను.

మర్నాడు మీటింగు గదిలో పొడవాటి బల్ల నిండా కార్డులు పరిచి ఉన్నాయి. కొన్నిటి మీద బొమ్మలు: నిచ్చెన, ఖాళీ కుర్చీ, వానలో సైకిలు, తాళం కప్ప. కొన్నిటి మీద మంచి మాటలు. వచ్చినావిడకి అప్పటికే మేం కార్డులమ్మ అని పేరు పెట్టేశాం. ఆవిడ నవ్వుమొహంతో, మీ మనసుకి నచ్చిన బొమ్మో మాటో ఒకటి తీసుకోండి, ఇందులో తప్పొప్పులు లేవు అంది. తప్పులు లేవని చెకింగ్ సెక్షన్ వాళ్ళకి చెప్పింది, చూడండి. మేమంతా చేసిన మొదటి పని కార్డుల్ని లైటుకెత్తి చూడటం. మీకు ఇందులో ఏం కనిపిస్తోంది అని అడగ్గానే కబుర్లక్క తన కార్డు రెండువైపులా తిప్పి, కుడి మూల రంగు పొర్లింది, ఎడమ అంచు వంకరగా కోశారు అని చెప్పేసింది. కార్డులమ్మ తెల్లమొహం వేసింది.

నేను మాత్రం వెనకవైపు పెన్సిలుతో వేసిన అంకె దగ్గర ఆగిపోయాను. ప్రతి కార్డుకీ ఒక అంకె. ఎవరు ఏది తీశారో తర్వాత చూసుకోవడానికే అయ్యుంటుంది. అడిగితే, ఏదైనా పోతే ఏది పోయిందో తెలియడానికండీ అంది. తడుముకోకుండా అంత చక్కగా చెప్పింది కాబట్టే నేను నమ్మలేదు.

నిచ్చెన తీస్తే పైకి ఎగబాకాలని చూస్తోందంటారు. ఖాళీ కుర్చీ తీస్తే మానేసే ఉద్దేశంలో ఉందంటారు. అందుకని నేను సూర్యోదయం తీసుకున్నాను. సూర్యోదయాన్ని పట్టుకుని ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేరు. వదినకి ఒక పడవ బొమ్మ ఏరి చేతిలో పెట్టాను. పడవ, నీలం నీళ్ళు, చిన్నప్పుడు పడవెక్కడమంటే ఇష్టం అని చెప్పి ఊరుకో అని చెవిలో ఊదాను. వదిన తలూపి, ఆ బొమ్మని బొటనవేలితో నిమురుతూ కూర్చుంది.

అందరం గుండ్రంగా కూర్చున్నాక కార్డులమ్మ, ఇప్పుడు మీ కార్డు మీ కుడిపక్కవాళ్ళకి ఇచ్చెయ్యండి అంది. మన కార్డు గురించి మనం చెప్పక్కర్లేదట. పక్కవాళ్ళు దాన్ని ఎందుకు తీసుకుని ఉంటారో మనం చెప్పాలట. నా కుడిపక్క ఉన్నది వదినే. నా సూర్యోదయం ఆవిడ చేతిలోకి వెళ్ళింది, నేను ఏరి ఇచ్చిన పడవ అవతలివాళ్ళకి పోయింది. సూపర్‌వైజరు ఎదురుగా చేతులు కట్టుకుని మావైపే చూస్తున్నాడు. ఇదంతా వదినని పట్టుకోవడానికి పన్నిన పన్నాగమే, నాకింక సందేహం లేదు.

వదిన వంతు వచ్చింది. దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, సూర్యోదయం, సూర్యోదయం అని గొణిగాను. ఆవిడకి వినపడే ఉంటుంది. చూపు తగ్గింది గానీ ఆవిడవి పాము చెవులు. అయినా కార్డుని ఒళ్ళో బోర్లా పెట్టేసింది.

"నాకు ఈ బొమ్మ కనపడట్లేదండీ," అంది నెమ్మదిగా. "కొన్నాళ్ళుగా ఏదీ సరిగ్గా కనపడట్లేదు. కానీ మా మరదలు దీన్ని ఎందుకు తీసుకుందో చెప్పగలను. ఎవరూ ఏమీ అడగడానికి వీల్లేని బొమ్మ ఏదుందా అని వెతికి తీసుకుని ఉంటుంది."

ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆగిపోయారు. తను చూసిన తానులన్నీ నేను మళ్ళీ చూస్తున్నాననీ, ఇందులో తప్పేదైనా ఉంటే అది తనదే గానీ నాది కాదనీ వదిన సూపర్‌వైజరుతో చెప్పేసింది. అతను కట్టుకున్న చేతులు విప్పేశాడు. పాపం, అతనికి ఏమీ తెలియదని మొహం చూస్తేనే అర్థమైపోయింది. ఇన్నాళ్ళూ దాచడం మంచి పని కాదమ్మా అన్నాడు. ముందు కంటి డాక్టరుకి చూపించుకోమన్నాడు. వేళ్ళతో చేసే పని ఇంకో సెక్షన్‌లో ఏదైనా ఉందేమో పైవాళ్ళని అడుగుతానని, మాట మాత్రం ఇవ్వలేనని అన్నాడు. అప్పటిదాకా బల్ల దగ్గరికి రావద్దన్నాడు. కార్డులమ్మ కార్డులు పోగుచేసి అంకెల వరసలో పేర్చుకుంది. ఒక అంకె లేకపోయేసరికి వంగి బల్ల కింద వెతుక్కుంది. ఆ అంకెల వెనక ఉన్నది అంతే, ఇంకేమీ లేదు.

వదిన చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతూ ఆవిడ మీద విరుచుకుపడ్డాను. ఇంత కష్టపడి కాపాడుకొస్తుంటే ఒక్క మాటతో అంతా నీళ్ళపాలు చేశావన్నాను. వదిన మెట్టు మీదే ఆగిపోయింది.

"నువ్వు కాపాడింది నన్నేనా?" అంది.

"నిన్ను కాక మరెవర్ని?"

"నా గది పోతే నేనెక్కడికి రావాలో నీకు తెలుసు. అందుకే కదే, నా పని కూడా నెత్తినేసుకున్నావు. ఒక్కసారన్నా, పోతే పోయిందిలే, మా ఇంటికొచ్చెయ్ వదినా అన్నావా?"

కాదు అనబోయాను. మా ఇంట్లో ఉన్నవి రెండు గదులు. ఆవిడ మంచం ఎక్కడ వెయ్యాలి, పొద్దస్తమానం ఆవిడ కళ్ళముందు ఎలా తిరగాలి, ఆవిడ మాట ఎలా పడాలి అన్న ఆలోచనలన్నీ నా లోపల ఎప్పుడో జరిగిపోయాయి. లోకాన్నంతా అనుమానించాను గానీ నన్ను నేను అనుమానించుకోవాలని తోచలేదు.

"ఇప్పుడంటున్నా వదినా. మా ఇంటికొచ్చెయ్," అన్నాను.

వదిన నా గొంతు వచ్చినవైపు మొహం తిప్పింది.

"ఎందుకు?" అంది.

అందులో నిష్ఠూరం లేదు. తెలుసుకోవాలనే అడిగింది. కింద మా సెక్షన్‌లో బల్లల మీద పని మళ్ళీ మొదలైంది. ఆవిడ గోడ పట్టుకుని నా జవాబు కోసం నిలబడే ఉంది. ఆవిడ నమ్మేలా ఏం చెప్పాలా అని నేను వెతుక్కుంటూనే ఉన్నాను.