తాళం తీశాక

సిగ్నల్ దగ్గర కారు ఆగి ఉంది. గేరు న్యూట్రల్‌లో ఉంది. ఆమె కుడికాలు బ్రేకు మీదే ఉంది. అయినా ఇంజను రొద పెరిగింది.

పెరిగింది కొంచెమే. పక్కన ఎవరో కూర్చుని, ఆమెకు తెలియకుండా కాలు చాపి యాక్సిలరేటర్‌ను మునివేళ్ళతో నొక్కినట్టుగా. రెండు క్షణాలు అలా ఉండి తగ్గిపోయింది. అద్దంలో చూస్తే వెనక బండి కనబడలేదు. నీలం పొగ దాన్ని మింగేసింది.

ఆమె పక్క సీటు వైపు చూడలేదు. చూడకూడదని చాలా రోజుల క్రితమే నిర్ణయించుకుంది.

ఆ కారులోనే ఆమె భర్త పోయాడు. క్వారీ వైపు దిగే ఏటవాలు రోడ్డు చివర, గోడకు గుద్దుకుని. ప్రమాదమైతే ఏడ్చి ఊరుకునేవాళ్ళు. కానీ గేరు న్యూట్రల్‌లో ఉంది, కారు తాళంచెవి అతని పిడికిట్లో ఉంది. వేళ్ళు విడదీసి తీయాల్సి వచ్చింది. దిగుడులో వెళ్తున్న కారుకు తాళం తీస్తే స్టీరింగ్ బిగుసుకుపోతుందని డ్రైవింగ్ వచ్చిన ప్రతివాడికీ తెలుసు. విచారణకొచ్చిన ఇన్‌స్పెక్టర్ ఆమె ముఖంలోకి చూడకుండా, "ఇంట్లో ఏమైనా గొడవలున్నాయా అమ్మా?" అని అడిగాడు. లేవంది.

అది అబద్ధం. ఆ పొద్దున గొడవైంది. చివర్లో ఆమె నోరు జారి ఒక మాట అంది. అతను బదులు చెప్పకుండా తాళంచెవి తీసుకుని వెళ్ళిపోయాడు. ఇక తిరిగి రాలేదు.

కారును పాత ఇనుముకు ఇచ్చేద్దామంటే అత్తగారు ఒప్పుకోలేదు. "నా కొడుకు చివరిసారి కూర్చున్న చోటు అది. దాన్ని ముక్కలు చెయ్యనివ్వను," అంది. తన తమ్ముడు మెకానిక్. వాడే దాన్ని లాక్కెళ్ళి, నలిగిన ముందుభాగం మార్చి, నడిచేలా చేశాడు. నడిపేది మాత్రం ఆమే. తను పనిచేసే కళ్ళద్దాల దుకాణానికి పొద్దున వెళ్ళడానికి, సాయంత్రం రావడానికి. అందరూ గుండె నిబ్బరం అనుకున్నారు. అసలు సంగతి వేరు. అతను కావాలనే వెళ్ళిపోయాడా, లేదా? ఆ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిసింది ఈ కారుకే. నడుపుతూ ఉంటే ఏదో ఒక రోజు చెబుతుందని ఆమెకో పిచ్చి ఆశ.

ఇప్పుడది చెప్పడం మొదలుపెట్టిందనిపించింది. దుకాణానికి వెళ్ళకుండా కారును తమ్ముడి షెడ్డు వైపు తిప్పింది.

తమ్ముడు బానెట్ ఎత్తి, ఆయిల్ పుల్ల తీసి, తుడిచి, మళ్ళీ ముంచి చూశాడు.

"మొన్నే కదక్కా ఆయిల్ నింపాను. సగం లేదు."

"కారిపోయిందేమోరా."

"కింద ఒక్క చుక్క లేదు. తాగేస్తోంది. రహస్యంగా తాగి మూతి తుడుచుకోవడానికి ఇదేమన్నా మన చిన్నాన్నా?"

ఆమెకు నవ్వు రాలేదు. వాడు ఆమె ముఖం చూసి జోకులు కట్టిపెట్టాడు.

"ఇంకేం చేస్తోంది?"

"దానంతట అదే రెయిజ్ అవుతోంది. నేను కాలు పెట్టకుండానే."

"ఎప్పట్నుంచి?"

"చాలా రోజులైంది."

"మరి చెప్పవేం?"

"ఏమని చెప్పను? మీ బావ నొక్కుతున్నాడని చెప్పనా?"

వాడు ఆ మాట విననట్టే గాలి గొట్టం విప్పి పక్కన పెట్టాడు. గొట్టం లోపల వేలు తిప్పి చూపించాడు. వేలంతా నల్లటి జిడ్డు.

"టర్బో పోయింది. ఇదిగో, ఈ నత్తగుల్లలాంటిది. లోపల చిన్న పంకా ఉంటుంది. పొగ విసురుకు తిరుగుతూ ఇంజన్లోకి గాలి తోస్తుంది. దాని ఇరుసు అరక్కుండా ఆయిల్ పారుతూ ఉంటుంది. సీలు అరిగిపోతే ఆ ఆయిల్ కూడా గాలితోపాటు ఇంజన్లోకి పోతుంది. నీ నీలం పొగ అదే." పంకాను వేలితో కదిపాడు. అది వదులైన పన్నులా అటూ ఇటూ ఊగింది. "బాగు చేసినప్పుడు దీన్ని తిప్పి చూశాను. తిరిగింది కదా అని వదిలేశాను. ఒకసారి స్టార్ట్ చేసి కొంచెం రెయిజ్ చెయ్యి. శబ్దం వింటాను."

ఆమె సీట్లో కూర్చుని తాళం తిప్పింది. యాక్సిలరేటర్ మెల్లగా నొక్కి వదిలింది.

ఇంజను వదల్లేదు.

రొద పెరిగింది. ఇంకా పెరిగింది. మీటరు ముల్లు ఎర్రగీత దాటింది. వెనక నుంచి తెల్లటి పొగ షెడ్డులోకి కుమ్మరించినట్టు వచ్చింది. గోడకు వేలాడదీసిన స్పానర్లు గలగలమన్నాయి. కారు మొత్తం జ్వరంతో వణికే మనిషిలా వణుకుతోంది.

"తాళం తియ్!" తమ్ముడి అరుపు పొగలోంచి వినిపించింది.

వాడు చెప్పకముందే ఆమె చెయ్యి ఆ పని చేసేసింది. ఆ ఇంట్లో అందరికీ అలవాటది. ఒకసారి పసిపిల్లగా ఉన్న కూతురు, ఆగి ఉన్న కారులో తాళం తిప్పి గేటుకు గుద్దింది. ఆ రోజు నుంచి భర్త ఇంట్లో ఒక నియమం పెట్టాడు. కారులో ఏ తేడా వచ్చినా ముందు తాళంచెవి బయటికి లాగాలి, చేతిలో పట్టుకోవాలి, ఆ తర్వాతే మిగతా సంగతి. దాన్ని తిప్పి వదిలెయ్యడం ఆ ఇంట్లో నేరం. బయటికి లాగాల్సిందే.

తాళంచెవి ఆమె పిడికిట్లోకి వచ్చేసింది. ముళ్ళన్నీ సున్నాకు వాలిపోయాయి. ఎదుటి దీపాలు ఆరిపోయాయి. కారు ఆగిపోయిందని డాష్‌బోర్డు చెబుతోంది.

ఇంజను మాత్రం అరుస్తూనే ఉంది.

ఆమె ఎడమచేత్తో స్టీరింగ్ పట్టుకుని పైకి లేవబోయింది. స్టీరింగ్ టక్కుమని బిగుసుకుపోయింది. చేతిలో తాళం, కాలి కింద బ్రేకు, ఎదురుగా పొగ. తన మాట వినని కేక ఒకటి చుట్టూ తిరుగుతోంది. దిగాలని తెలుసు. తలుపు పిడి ఎటుందో తెలియలేదు.

బానెట్ వెనకాల తమ్ముడు ఒక నీడలా కదిలాడు. జాకీ కింద పెట్టే చెక్కముక్క తీసుకుని, గొట్టం విప్పేసిన టర్బో మూతి మీద వేసి రెండు చేతులతో నొక్కిపట్టాడు. చెక్కను లోపల్నుంచి ఎవరో పీల్చుకున్నట్టు లాగింది. ఇంజను గొంతు నొక్కినట్టు గిలగిల్లాడి, దగ్గి, చచ్చిపోయింది.

నిశ్శబ్దం చెవుల్లో గుయ్యిమంది.

తమ్ముడు ఆమెను బయటికి లాక్కొచ్చి టైర్ల గుట్ట మీద కూర్చోబెట్టాడు.

"లారీల్లో ఇలా అవుతుందని విన్నానక్కా. కళ్ళతో చూడటం ఇదే మొదటిసారి. తాళం తీస్తే ఆగేది డీజిల్ ఒక్కటే. ఇది డీజిల్ మీద నడవట్లేదు. తన ఆయిల్ తనే తాగి నడుస్తోంది. మండేది దొరికినంతసేపు ఆగదు. గాలి మూసేస్తే తప్ప..."

వాడు మాట మధ్యలో ఆగిపోయాడు. ఆమె పిడికిలి వైపు చూస్తున్నాడు.

ఆమె కూడా చూసుకుంది. తాళంచెవి పళ్ళు అరచేతిలోకి దిగబడిపోయాయి. వేళ్ళు విడదీద్దామంటే రావడం లేదు. చివరికి తమ్ముడే ఒక్కొక్క వేలూ విప్పాడు.

"బావ..." అన్నాడు.

"కబుర్ల తాత ఏమన్నాడో గుర్తుందా?" అంది ఆమె.

కబుర్ల తాత క్వారీ గేటు దగ్గర వాచ్‌మన్. పిల్లిని చూసి పులి అని చెప్పే రకం. గోడకు గుద్దుకున్నాక కూడా కారు అరుస్తూనే ఉందని ఆ రోజు చెప్పాడు. తాళం తీసిన కారు ఎలా అరుస్తుంది తాతా అని ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. తాత ముఖం చిన్నబుచ్చుకుని గదిలోకి వెళ్ళిపోయాడు. అతని మాట కాగితం మీదికి ఎక్కలేదు.

తమ్ముడి బండి మీద ఇద్దరూ క్వారీకి వెళ్ళారు. మధ్యాహ్నపు ఎండలో రోడ్డు తెల్లగా మెరుస్తోంది. గోడకు కొత్త సిమెంటు పూసిన చోటు తెలిసిపోతోంది.

తాత వాళ్ళను గుర్తుపట్టాడు. స్టూలు చూపించాడు.

"ఆ రోజు ఏం చూశావో మళ్ళీ చెప్పు తాతా," అంది ఆమె.

"ఎందుకులేమ్మా. నాకు కోతలెక్కువ అంటారుగా."

"నేను నవ్వను. ఇవాళ నా చేతిలో తాళం ఉండగా అదే కారు నా మీద అరిచింది."

తాత ఆమె వైపు తేరిపార చూశాడు. ఎదురుగా ఉన్న పెట్టె మీద కూర్చున్నాడు.

"పైనుంచే అరుపు వినబడిందమ్మా. మనిషి గొంతేమో అనుకున్నా. తర్వాత పొగ. పొగలోంచి కారు. గుద్దుకుంది, ఆగలేదు అరుపు. అతను స్టీరింగ్ మీద వాలిపోయి ఉన్నాడు, కారు మాత్రం అరుస్తోంది. దగ్గరికి వెళ్ళాలంటే భయమేసింది. నిజం చెబుతున్నా, భయమే. కాసేపటికి దానంతట అదే గొంతు పట్టేసినట్టు ఆగింది."

"నలిగిన గాలి గొట్టాన్ని పీల్చేసుకుంది," అన్నాడు తమ్ముడు గొణుగుతున్నట్టు. "ఊపిరాడక ఆగింది. ఆ గొట్టం నేనే మార్చాను. చూడనే లేదు. పగిలిన ఇంజను అడుగు చూసి ఆయిల్ అక్కడే కారిపోయిందనుకున్నా."

ఆమె వాడి మాట వినలేదు. "తాతా, ఇంకొకటి. కారు ఏటవాలు దిగేటప్పుడు వెనక లైట్లు చూశావా?"

"వెనకవి ఎలా కనబడతాయమ్మా, ఎదురుగా వస్తుంటే? కానీ గుద్దుకున్నాక పొగంతా ఎర్రగా ఉంది. వెనక వైపు ఎర్రగా. నేను మంటలనుకున్నా. మంటలు కాదు. దీపాలు. అరుపు ఆగినా అవి మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. అతన్ని పక్కకు తీశాకే ఆరిపోయాయి."

తమ్ముడు తల వంచుకున్నాడు. బ్రేకు లైట్లకు తాళంతో పని లేదని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాలు నొక్కి ఉన్నంతసేపు అవి వెలుగుతాయి.

కాలు బ్రేకు మీదే ఉంది. చివరిదాకా. ఆ తర్వాత కూడా.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తగారు బట్టలు మడతపెడుతోంది. కూతురు పక్కింట్లో ఆడుకుంటోంది. ఆమె చెప్పులు కూడా విడవకుండా మంచం అంచున కూర్చుని మొత్తం చెప్పింది. టర్బో, ఆయిల్, తాళం, ఎర్రదీపాలు. అత్తగారు మడతపెట్టడం ఆపలేదు. చివరిదాకా విని, చేతిలోని చొక్కాను ఒళ్ళో పెట్టుకుంది.

"అంటే వాడు కావాలని చెయ్యలేదు."

"లేదత్తయ్యా. ఆపాలనే చూశారు. గేరు తీశారు, తాళం తీశారు, బ్రేకు నొక్కారు. కారు వేగం అందుకోకముందే గేరు తీసి ఉంటే, తాళం జోలికి వెళ్ళకుండా ఉంటే తప్పించుకునేవారేమోనని తమ్ముడన్నాడు. భయంలో అవన్నీ తట్టవట."

"భయపడ్డాడంటావా?"

ఆ షెడ్డులో తాను పడ్డ భయం ఎలాంటిదో ఆమెకు తెలుసు. అది ఆగి ఉన్న కారు. ఎదురుగా గోడ లేదు. ఏటవాలు లేదు. ఇన్నాళ్ళూ అతన్ని తలుచుకున్నప్పుడల్లా ప్రశాంతంగా కళ్ళు మూసుకున్న ముఖమే కనబడేది. ఆ ముఖం మీద ఆమెకు కోపం ఉండేది. తనను ఇలా వదిలేసి పోయినందుకు పట్టరాని కోపం. ఆ కోపంతోనే పొద్దున లేచేది, వంట చేసేది, పిల్లను బడికి పంపేది. ఇప్పుడు ఆ ముఖం మాయమైపోయింది. దాని చోట బిగుసుకుపోయిన స్టీరింగ్‌తో పెనుగులాడుతున్న మనిషి ఉన్నాడు. ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎలాగో ఆమెకు తెలియలేదు.

"ఆ పొద్దున ఏమన్నావే వాణ్ణి?" అంది అత్తగారు. ఇదే ప్రశ్న అంత్యక్రియలప్పుడు ఒకసారి అడిగింది. అప్పుడు ఈమె ఏమీ అనలేదని చెప్పింది.

ఈసారి చెప్పింది.

"నువ్వు లేకపోయినా ఈ ఇల్లు నడుస్తుంది అన్నాను."

అత్తగారు చొక్కా కాలరు సరిచేస్తూ కూర్చుంది. తిడుతుందని ఆమె ఎదురుచూసింది. తిడితే బాగుండుననిపించింది.

"ఆ మాట విని వెళ్ళాడు," అంది చివరికి. "విని కూడా బతకాలనుకున్నాడు. ఇంటికి రావాలనే అనుకున్నాడు."

అప్పుడు ఏడుపు వచ్చింది. ఇన్నాళ్ళూ రానిది, ఆపాలన్నా ఆగనిది. అత్తగారు లేచి వచ్చి ఆమె తలను పొట్టకేసి అదుముకుంది. ఇద్దరిలో ఎవరు ఎవర్ని ఓదారుస్తున్నారో తెలియని తీరులో అలాగే ఉండిపోయారు.

బయట రోడ్డు మీద ఏదో పాత డీజిల్ బండి ఎత్తు ఎక్కుతోంది. దాని రొద పెరిగింది. ఇంకా పెరిగింది. గదిలో ఇద్దరూ ఒక్కసారిగా కదలడం మానేశారు. ఆమె ఏడుపు మధ్యలోనే ఆగింది. అత్తగారి వేళ్ళు ఆమె జుట్టులో బిగుసుకున్నాయి.

గేరు మారింది. రొద తగ్గింది. బండి మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

అది పూర్తిగా వినబడకుండా పోయేదాకా ఇద్దరూ ఊపిరి తీసుకోలేదు.