ఒక దిక్కే అచ్చు

ఎల్లారెడ్డి బస్సు ఇంకా కదలలేదు. సాలవ్వ అప్పటికే రెండుసార్లు దిగి ఎక్కింది. మొదటిసారి బస్సు కప్పు మీద తన బీడీల గంప కట్టు బిగించడానికి. రెండోసారి ఆ గంపకు ఎవరో ఆనించిన బెల్లం కుండను పక్కకు జరిపించడానికి. బీడీలకు తీపి వాసన పడితే కామారెడ్డి కార్ఖానాలో సరుకు చూసి తీసుకునే మునీం వంక పెడతాడు. అతనికి వంక దొరకనివ్వకపోవడమే ఆమె పని.

"కూసో అవ్వా, బస్సు పోతది," అన్నాడు కండక్టర్ మైసన్న.

"నేను కూసున్నంక పోతది," అంది సాలవ్వ.

ఆమె కూర్చుంది. బస్సు కదిలింది.

యాభై దాటిన మనిషి. పొట్టి. ఏళ్ళ తరబడి చేట ఒళ్ళో పెట్టుకొని వంగి బీడీలు చుట్టడం వల్ల నిలబడ్డా కూర్చున్నట్టే ఉంటుంది. కుడి బొటనవేలి గోరు మందంగా, తంబాకు రంగులో, కొడవలి ముక్కలా ఉంటుంది. బీడీ మూతి మడిచేది ఆ గోటితోనే. మాట మధ్యలో దగ్గు వస్తుంది. ఈ మధ్య ఎడమ భుజం కూడా లాగుతోంది. గంప మోసిన నొప్పి అనుకొని ఆముదం రాసుకుంటోంది.

వాడలోని ఆడవాళ్ళు చుట్టిన బీడీలన్నీ వారానికొకసారి కామారెడ్డికి చేర్చడం, కూలి తెచ్చి ఎవరిది వాళ్ళకు ఇవ్వడం ఆమె బాధ్యత. కొంగుకు వరసగా ముడులు వేసుకుంటుంది. ఎంకవ్వ కూలి ఎంకవ్వ ముడిలో, దుర్గవ్వది దుర్గవ్వ ముడిలో. ఒక ముడిలోని అణా ఇంకో ముడిలోకి ఇంతవరకు దారి తప్పలేదు.

ఈసారి మాత్రం ఆమె దగ్గర ఇంకొకటి ఉంది. రవికలో, రెండు తునికాకుల మధ్య, మడిచిన కాగితం. దాని విలువ ఐదు పౌన్లు.

అది ఆమె భర్త బాలమల్లుది. బొంబాయి మిల్లులో పనికని పోయి, ఆ నూలు దుమ్ము పడక ఓడలో బొగ్గు వేసే పనిలో చేరాడు. రెండు మూడేళ్ళకొకసారి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఇంకొంచెం నల్లబడి, ఇంకొంచెం చెవుడు తెచ్చుకొని వచ్చేవాడు. ఈసారి అతను రాలేదు. ఓడలో అతని పక్కన పనిచేసిన పిట్లం సలీమ్ వచ్చాడు. ఇంగ్లాండు రేవులో ఆసుపత్రిలో బాలమల్లు పోయాడని, అక్కడే మట్టి చేశారని చెప్పాడు. కంపెనీవాళ్ళు అతని లెక్క తీర్చి ఇచ్చిన ఐదు పౌన్లు ఆమె చేతిలో పెట్టాడు.

పౌను అన్న మాటే కొంప ముంచింది. ఎల్లారెడ్డిలో పౌను అంటే బంగారం. రాజు బొమ్మ ఉన్న బిళ్ళ. సాయంత్రానికి ఇంటి నిండా జనం. ఏడ్చి ఓదార్చడానికి వచ్చినవాళ్ళు కూడా కంటి కొసతో దూలాల వైపు, గూళ్ళ వైపు చూశారు. ఆ చూపులు భరించలేక సాలవ్వే కాగితం తీసి విప్పింది. తెల్లగా, చేతిరుమాలంత పెద్దది. ఒక వైపు నల్లటి వంకర రాత. తిప్పితే ఏమీ లేదు. ఉత్త తెలుపు.

సలీమ్ బంగారం తిని కాగితం ఇచ్చాడన్నారు కొందరు. సాలవ్వే దాచి నాటకమాడుతోందన్నారు మిగిలినవాళ్ళు.

"పౌన్లను ఎలుకలు తిన్నయా సాలవ్వా?" అని అడిగింది పక్కింటి ఎంకవ్వ.

"తిన్నయి. నీ ఇంటి ఎలుకలే," అంది సాలవ్వ.

సలీమ్ పోయేముందు నిలబెట్టి చెప్పాడు. "ఇది ఇంగ్రేజోళ్ళ కాయిదం పౌను అవ్వా. ఇందుల ఐదు పౌన్లున్నయి, ఒక్కొక్క పౌనుకు పదమూడు రూపాయల ఐదు అణాల చిల్లర. అది గూడ కల్దారు, మన హాలి కాదు. కల్దారు. యాదుంచుకో." నిజాం సర్కారు హాలి రూపాయి వేరు, ఇంగ్లీషువాళ్ళ కల్దారు రూపాయి వేరు. ఆరు కల్దార్లు ఇస్తే ఏడు హాలీలు వస్తాయి. సాలవ్వ ఆ ధరను బీడీ చుడుతూ వల్లించింది. ఆకు పరిస్తే పదమూడు, తంబాకు పోస్తే ఐదణాలు, మూతి మడిస్తే కల్దారు.

కామారెడ్డిలో ముందు కార్ఖానాకు పోయింది. మునీం కట్టలు విప్పి, గుప్పెడు బీడీలు తీసి పక్కన పడేశాడు. "ఇవి పనికిరావు."

పనికిరాని బీడీలకు కూలి ఉండదు. అవి కార్ఖానా దగ్గరే ఉండిపోతాయి. సాయంత్రం మునీం వాటినే మరో కట్టలో కలిపి అమ్ముతాడని అందరికీ తెలుసు. అందరూ తెలిసి ఊరుకుంటారు. సాలవ్వ ఊరుకోదు. ఆ గుప్పెడు తీసుకొని అతని కళ్ళముందే ఒక్కొక్కటి విరిచి, తంబాకు మోరీలో దులిపింది.

"పిచ్చిదానా, ఏమొస్తది నీకు?" అన్నాడు మునీం.

"నీకు రాదు గద!" అంది సాలవ్వ. కూలి ముడులు వేసుకొని బయటపడింది.

సరాఫు విఠల్ సేటు దుకాణం రైల్వే స్టేషన్‌కు ఎదురుగా ఉంటుంది. రైలెక్కి మన్మాడు వైపు, బొంబాయి వైపు పోయేవాళ్ళు అక్కడ హాలి ఇచ్చి కల్దారు తీసుకుంటారు. సేటు లావుగా, చల్లగా, ఉతికిన పరుపు మీద కూర్చొని ఉన్నాడు. ముందు నల్లరాతి పలక. వచ్చిన ప్రతి రూపాయినీ దాని మీద మోగించి చూస్తాడు. నలుగురు ప్రయాణికులు వంతు కోసం నిలబడ్డారు. జట్కా మొయినుద్దీన్ అరుగు పక్కన గుర్రానికి గడ్డి వేస్తున్నాడు.

సాలవ్వ కాగితం ఇచ్చింది. సేటు దాన్ని విప్పి వెలుతురుకు పట్టాడు. అంచు తడిమాడు. అతని కళ్ళలో ఏదో మెరిసి వెంటనే ఆరిపోయింది. సాలవ్వ అది చూసింది. మునీంల ఎదుట నిలబడీ నిలబడీ ఆమెకు మనుషుల ముఖాలు తెలుసు.

"ఏడిది ఇది?"

"నా మొగనిది."

"మంచి సరుకే. పౌను ధర పదమూడు రూపాయల ఐదణాలు. అబద్ధం ఎందుకు చెప్త? ఐదింటికి కల్దారు అరవై ఆరు పైన అయితది." సేటు ఆగాడు. నోటు వెనక్కు తిప్పాడు. "గని ఇటు చూడవ్వా. ఇటు దిక్కు ఏమున్నది?"

"ఏం లేదు."

"గదే. ఒక దిక్కే అచ్చు పడ్డది. రెండు దిక్కుల అచ్చయితే నిండు నోటు. ఇది సగం నోటు. సగానికి ముప్పై మూడు ఇస్త. ఎరుకైన మనిషివి గాబట్టి బట్టా గూడ పట్టుకోను."

మారకానికి సేటు కోసుకునే వాటానే బట్టా. అది వదులుకోవడం అతని లెక్కలో ధర్మం.

సాలవ్వ ఖాళీ వైపును చూసింది. ఒక్క క్షణం ఆ మాట నిజమేననిపించింది. ఎల్లారెడ్డి జనం నవ్వింది ఆ తెలుపును చూసే కదా. ముప్పై మూడు రూపాయలంటే కూడా చిన్న సంగతి కాదు. ఆమె చుట్టాల్సిన బీడీల లెక్కలో అది చాలా పెద్ద కొండ. తీసుకొని పోవచ్చు.

కానీ ఆ 'సగం' గొంతు దిగలేదు.

"సేటూ, నా మొగడు ఓడల సగం బొగ్గే ఏసిండా?"

"నాకేం ఎరుక?"

"సగమే సచ్చిండా?"

వెనుక ప్రయాణికులు ముందుకు వంగారు. సేటు చిరాకుపడ్డాడు. "మాటలు గాదవ్వా. ధర చెప్పిన. ఇష్టముంటే ఇయ్యి, లేకుంటే తీస్కపో. ఈ ఊర్ల దీన్ని ముట్టుకునేటోడు ఇంకొకడు లేడు."

అదీ నిజమే. ఈ అరుగు దిగితే ఆ కాగితం ఎల్లారెడ్డిలో ఎలుకలకే.

"సరే. ఇటియ్యి," అంది సాలవ్వ.

నోటు తీసుకుంది. సరిగ్గా మధ్యకు మడిచింది. బీడీ మూతులు మడిచే గోరుతో ఆ మడత మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్క గీత గీసింది. విప్పి, రెండు చేతులా రెండు అంచులు పట్టుకుంది.

"సగం పైసలకు సగం నోటు. నీ సగం నువ్వు తీస్కో. నా సగం నేను తీస్కపోత."

మడత కొసన చర్రుమని చిన్న చప్పుడు. బియ్యపు గింజంత చిరిగింది.

"అయ్యో! చింపకు! చింపకే తల్లీ!"

సేటు పరుపు మీద నుంచి లేచాడు. అతన్ని నిలబడగా చూసినవాళ్ళు ఆ వీధిలో తక్కువ. రెండు చేతులూ ముందుకు చాచి, నోరు తెరిచి నిలబడ్డాడు.

గడ్డి వేస్తున్న మొయినుద్దీన్ పకపకా నవ్వాడు. "అరే, గంత భయమెందుకు సేటూ? సగం నోటే గదా!"

ప్రయాణికులంతా ఘొల్లుమన్నారు.

"నవ్వకుండ్రి. గామె చింపుతది," అన్నాడు మొయినుద్దీన్ వాళ్ళవైపు తిరిగి. "కార్ఖానల బీడీలు ఎట్ల ఇరుస్తదో నేను చూసిన. సేటూ, జల్ది చెయ్యి."

సాలవ్వ నవ్వలేదు. ఆమె చేతులు అంచుల మీదే ఉన్నాయి. బెదిరింపు కాదది. ఇంకొక మాట తేడా వస్తే చింపేసేదే. చింపి, ఉత్త చేతులతో బస్సెక్కి, దారంతా మెడ నిలబెట్టుకొని కూర్చునేదే. సేటు ఆ ముఖం చూశాడు. గల్లాపెట్టె తెరిచాడు.

అరవై ఆరు కల్దారు రూపాయలూ ఒక్కొక్కటీ నల్లరాతి మీద మోగాయి. ఈసారి మోగించింది సాలవ్వ. చివర సేటు గొంతు తగ్గించి అన్నాడు. "బట్టా అయినా..."

"తీస్కో. అది నీ కూలి. నేను ఎవ్వని కూలి ఆపను."

సేటు సిరా డబ్బా ముందుకు తోశాడు. ఇలాంటి నోటు ఎవరి దగ్గర తీసుకున్నదీ వెనుక గుర్తు ఉంటే మంచిదని, వేలిముద్ర వేయమన్నాడు. సాలవ్వ బొటనవేలు అద్ది తెల్లటి వైపు గట్టిగా ఒత్తింది.

"అట్లనా? అయితే గీ దిక్కు నాకోసమే ఇడిశిపెట్టిండ్రన్నట్టు," అంది.

అక్కడి నుంచి నేరుగా కంచరి దుకాణానికి పోయింది. రాగి బిందెలన్నీ తట్టి చూసి, ఒకటి బేరం చేసింది. దాని మీద బాలమల్లు పేరు కొట్టమంది.

"బా, మ. రెండు అక్షరాలు చాలు అవ్వా. అందరు గట్లనే కొట్టిచ్చుకుంటరు," అన్నాడు కంచరి.

"అందరు కొట్టిచ్చుకోని. నాకు నిండు పేరు కావాలె. ఎల్లారెడ్డి బాలమల్లు. ఒక్క అక్షరం ఎగ్గొట్టినా బిందె నీ దుకాణంలనే ఉంటది."

కంచరి ఉలి తీశాడు. పని చేస్తూ అడిగాడు, కొత్త కోడలికా అని. కాదంది. దారిన పోయేవాళ్ళ దాహానికి బస్సు ఆగే చోట పెడతానంది. ఓడ అడుగున కొలిమి ముందు బాలమల్లు పడిపోయినప్పుడు నీళ్ళు, నీళ్ళు అని తెలుగులో అడిగాడట. చుట్టూ ఉన్నవాళ్ళెవరికీ ఆ మాట తెలియదు. సలీమ్ పైనుంచి దిగి వచ్చేసరికి తెలివి తప్పిపోయింది; ఆసుపత్రికి చేర్చినా మళ్ళీ కళ్ళు తెరవలేదు.

కంచరి ఉలిని మళ్ళీ బిందెకు ఆనించాడు. ప్రతి అక్షరాన్నీ లోతుగా కొట్టాడు.

తిరుగు బస్సులో సాలవ్వ బిందెను కప్పు మీద పెట్టనివ్వలేదు. ఒళ్ళో పెట్టుకొని, రెండు చేతులూ చుట్టేసి కూర్చుంది.

"దానికి గూడ టికెట్ కొట్టాలె అవ్వా," అన్నాడు మైసన్న హాస్యానికి.

"కొట్టు. నిండు టికెట్ కొట్టు," అంది. చిల్లర తీసి నిజంగానే ఇచ్చింది. మైసన్న తీసుకోలేదు.

లింగంపేట దాటాక ఆమె తల బిందె అంచు మీదికి వాలింది. అలసిపోయిందనుకున్నారు. బస్సు గుంతలో పడి అందరూ ఎగిరిపడ్డా ఆమె కదలలేదు. ఎల్లారెడ్డిలో దిగేటప్పుడు మైసన్న పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. తర్వాత తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

కొంగును ముడి ముడిగా కత్తిరించి ఎవరి కూలి వాళ్ళకు అందించారు. ఎంకవ్వ తన ముడిని తెల్లవారేదాకా విప్పలేదు. సాలవ్వ సొంత రూపాయల్లో కొన్ని ఆమె కర్మలకు ఖర్చయ్యాయి. మిగిలినవాటితో బస్సు ఆగే చోట వాడ ఆడవాళ్ళు నాలుగు గుంజలు పాతి తాటాకు పందిరి వేయించారు. పొద్దున్నే ఎవరో ఒకరు బిందె నింపి పోతారు.

సాయంత్రానికి అది ఖాళీ అవుతుంది. రాత్రికి తోమి బోర్లిస్తారు. ఒళ్ళంతా ఆరిపోయినా, బాలమల్లు పేరులోని గుంటల్లో మాత్రం కాస్త తడి మిగిలే ఉంటుంది.