ముందొచ్చినవాళ్ళు

ఆ పొద్దున ఇంట్లో ముగ్గురున్నారు. వాకిట్లో వల బాగుచేస్తున్న వెంకయ్య, పొయ్యి దగ్గర అతని భార్య గంగాభవాని, అరుగు మీద పరీక్ష పేపర్లు దిద్దుతున్న అతని అక్క సుభాషిణి.

సరస్సు ఒడ్డునున్న ఆ జాలర్ల కుప్పంలో ఆఫీసు ఉద్యోగం చేసిన మొదటి ఆడమనిషి సుభాషిణి. తాలూకా ఆఫీసులో ఫైళ్ళ తాళ్ళు బిగించీ బిగించీ ఆమె చూపుడువేలు వంకరపోయింది. సెలవురోజుల్లో సరస్సు చుట్టూ తిరిగి, ముసలివాళ్ళు చెప్పింది విని, అక్కడి కుప్పాల చరిత్ర రాసింది. పుస్తకం వచ్చినప్పుడు ఊరంతా కలిసి శాలువా కప్పారు. రిటైరయ్యాక దగ్గర్లోని తడలో ట్యూషన్ పిల్లలకు చరిత్ర చెబుతోంది. పెళ్ళి చేసుకోలేదు. ఉండేది తమ్ముడింట్లోనే.

సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారంలో వల వేసే వంతు కోసం వీళ్ళ కుప్పం, అవతలి కుప్పం కొట్టుకుంటున్నాయి. ముందొచ్చి స్థిరపడ్డవాళ్ళదే ఆ వంతు. తేల్చడానికి ఆ రోజు అధికారి వస్తున్నాడు. ఊరిపెద్దలు సాక్షిగా సుభాషిణి పేరిచ్చారు.

“మనోళ్ళే ముందొచ్చినారని చెప్పక్కా. చాలు.”

“పుస్తకంలో అట్ట రాయలేదురా. వాళ్ళే ముందొచ్చినారు. మనకి చోటిచ్చింది వాళ్ళే.”

“దాన్ని ఎవురు చదివినారక్కా?”

ఎర్ర పెన్ను ఆగింది. “నువ్వన్నా చదివినావనుకున్నా.”

లోపల్నుంచి గంగాభవాని నవ్వింది. “ఆయన కరెంటు బిల్లే నాచేత చదివిస్తాడు వదినా!”

మధ్యాహ్నం బడి వరండాలో అధికారి అడిగాడు. “చెప్పండి మేడమ్, ఎవరు ముందు?”

సుభాషిణి జనంలో నిలబడ్డ తమ్ముడి చేతులు చూసింది. ఉప్పునీళ్ళకు పగిలిన చేతులు. వంతు పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆమె పైవాళ్ళు చెప్పిందే రాసింది. పుస్తకం ఒక్కటే తన మాట.

“వాళ్ళే, సార్.”

వంతు అవతలి కుప్పానికి పోయింది. “మా శాలువా మాకిచ్చెయ్ సుభాషిణమ్మా!” అని వెనకనుంచి ఎవరో అరిచారు. గెలిచినవాళ్ళు కూడా ఆమె వైపు చూడలేదు. టపాకాయలు కాల్చే తొందరలో ఉన్నారు.

సాయంత్రానికి ఆమె బట్టల సంచీ అరుగు మీద ఉంది. వెంకయ్య లోపల గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“నిన్ను పెట్టుకుంటే మమ్మల్నీ వెలేస్తామంటా ఉండారు వదినా,” అంది గంగాభవాని. “తడలోనే రూము చూసుకో.” లోపలికి వెళ్ళి, మళ్ళీ వచ్చి, సంచీ పక్కన గిన్నె పెట్టింది. “తినేసి పో.”

తలుపు మూసింది. గడియ పడింది.

రోడ్డు మీద ఆటో హారను మోగింది. సుభాషిణి సంచీ భుజాన వేసుకుంది. అరుగు మీద, ఈగలు వాలకుండా పళ్ళెంతో మూసిన అన్నం గిన్నె అట్లాగే ఉండిపోయింది.