కొలుపుల వారం ఖాళీ గళ్లు

మా ఆయన ప్రేమ్‌చంద్ చీరాల కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతారు. మిగతా టైమంతా ప్రపంచానికి ఊడిగం. పట్టికల్లోని అంకెలు చదివిపెట్టే ప్రోగ్రాం లైబ్రరీ ఒకటి రాసి, ఎవరైనా ఊరికే వాడుకోండని ఇంటర్నెట్‌లో పెట్టారు. ముక్కూ మొహం తెలియని నలుగురు దేశదేశాల నుంచి దానికి చేతిసాయం చేస్తుంటారు. ఏ జపాను వాడికి ఇబ్బందొచ్చినా అన్నం మానేసి జవాబు రాస్తారు గానీ, ఇంట్లో బల్బు మాడి నెలైనా స్టూలెక్కరు.

నేను పర్చూరు దగ్గర పత్తి రైతుల సలహా కేంద్రంలో పనిచేస్తాను. చేలల్లో లింగాకర్షక బుట్టలు కట్టిస్తాం. శనగపచ్చ పురుగు మగ రెక్కల పురుగులు వాటిలో పడతాయి. రోజూ ఎన్ని పడ్డాయో రైతులు చెబితే కంప్యూటర్లో ఎక్కిస్తాను. మా ఆయన లైబ్రరీ వాటిని చదువుతుంది, దాన్నిబట్టి మందు కొట్టాలో వద్దో తేలుతుంది. తేలిందే బోర్డు మీద రాస్తాను. రెండువేల ఒకటిలో ఆ పురుగు కాయల్ని తొలిచేస్తుంటే, జనం ఆ బోర్డునే నమ్ముకున్నారు.

భాద్రపదంలో ఒక ఉదయం కంప్యూటర్ పురుగు లేదంది. సగం రాశాక నా చెయ్యి ఆగింది. ముందు వారమంతా మా ఊళ్లో పోలేరమ్మ కొలుపులు, అమ్మవారి జాతర. కొలుపులప్పుడు ఎవరూ పొలిమేర దాటరు. బుట్టల మొహం చూసినవాళ్లే లేరు కనుక గళ్లు ఖాళీగా వదిలేశాను. ఖాళీ అంటే చూడలేదని. ఇన్నాళ్లూ లైబ్రరీ అలాంటిచోట ‘తెలియదు’ అనేది, ఇప్పుడు సున్నా అంటోంది. కిందటి నెల ఆయన పంపిన చిన్న సవరణ వేసుకున్నప్పటి నుంచే ఈ తెగులు. ఇంకా వేగంగా చదవాలని ఏదో మార్చారట. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది. రాసింది చెరిపేశాను.

సాయంత్రం ఇంటికెళ్లి చెబితే ఆయన తల పట్టుకున్నారు. కూర ఉడికేలోపే కొత్త వెర్షన్‌లో తప్పు దిద్దేసి, అది వేసుకో అన్నారు. మా కేంద్రానిది ఎవరో దానమిచ్చిన ముసలి మిషను, కొత్త వెర్షన్ దానిమీద నడవదు. ఆ మాటంటే ఆయన, కిందటి నెల సవరణే ఆఖరు, పాతదాన్ని ఇక ముట్టుకోనని లోకమంతటికీ చెప్పేశాను, దాని లోపలి అల్లికే వేరు, దిద్దుబాటు అందులోకి వెనక్కి మోయాలంటే మళ్లీ మొదట్నుంచి రాయాలి అన్నారు. ఆయన మాటా నిజమే. అయినా నాకు ఒళ్లు మండింది.

“ఏవండీ, మా ఊరొక్కటే అయితే వేళ్ల మీద లెక్కేసుకునేదాన్ని. చుట్టుపక్కల కేంద్రాలన్నిటిలో ఉన్నవి ఇలాంటి మిషన్లే. వచ్చే వారం వాళ్ల ఊళ్లలో కొలుపులు. పురుగు లేదని బోర్డు చూసి జనం చేలొదిలేస్తే, మీ లైబ్రరీ వెళ్లి కాయలకు కాపలా కాస్తుందా?”

ఆయన అన్నం తిని లేచారు. మర్నాడు ఆదివారం, పొద్దున్నే పాత కోడు ముందేసుకున్నారు. కొత్త దిద్దుబాటు అందులో ఒక్కచోటా అతకలేదు. ఎవడు రాశాడీ చెత్త అని విసుక్కుంటుంటే, మీరేనని మజ్జిగ గ్లాసు పక్కన పెట్టాను. మధ్యాహ్నానికి పని అయింది. నా కొలుపుల వారం పట్టికను అడిగి తీసుకుని పరీక్షగా పెట్టారు. ఖాళీ గడి ఖాళీగా ఉంటేనే ఇకమీదట ఏ సవరణైనా బయటికెళ్లేది. ఆ పరీక్షకు పోలేరమ్మ అని పేరు. ఇప్పుడు జపాను వాడైనా అమ్మవారిని దాటుకునే రావాలి.

సోమవారం కాలేజీకి సెలవు పెట్టి, స్కూటర్ మీద ఊరూరా ఫ్లాపీలు పంచారు. మా కేంద్రంలో ఆయనే దగ్గరుండి వేశారు. తెర మీద ‘తెలియదు’ అని వచ్చింది. పురుగు సంగతి తెలియదు, చేలోకెళ్లి చూసుకోండి అని బోర్డు మీద రాశాను. ఊళ్లో పత్తి వేసిన వెంకటరావమ్మ పిన్ని వచ్చి దాన్ని చదివించుకుంది.

“తెలీదని ఒప్పుకునే ఆఫీసు ఇదొక్కటేనే అమ్మాయ్” అని కొంగు దోపుకుని చేనివైపు నడిచింది. లేతాకుల మీద పురుగు గుడ్లు కనబడ్డాయి. ఆ వారం ఊరంతా వేళకు మందు కొట్టుకుంది.

పాతది మళ్లీ తెరిచినందుకు ఆయన దేశదేశాల జట్టువాళ్లు నొచ్చుకున్నారు. ఇంకెన్నాళ్లు మోస్తావని ఒకతను ఇంటర్నెట్‌లో అందరూ చూసేలా అడిగాడు. ఆయన ఇంగ్లీషులో జవాబు టైపు చేస్తుంటే భుజం మీదుగా చదివాను. మా ఆవిడ కంప్యూటర్ బతికున్నన్నాళ్లు, అని రాశారు. మనిషి ఎంత ముద్దొచ్చారో చెప్పలేను.