వెల్ల కింద ఓడ

నేను ఒక మేడను. యానాంలో, గోదావరి గట్టుకు కాస్త ఇవతల ఉంటాను. నన్ను కట్టించినవాడు ఒక ఫ్రెంచి బట్టల వర్తకుడు. సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపించి నా గోడలు నునుపు తేల్పించాడు. గుమ్మం పైన గచ్చుతో ఓడ బొమ్మ చేయించి, ఎర్ర జెండా, నీలం అలలు వేయించాడు. వీధిలో నిలబడి దాన్ని చూసుకుని తెగ మురిసిపోయేవాడు. చివరికి చెప్పాపెట్టకుండా నిజం ఓడెక్కి వెళ్లిపోయాడు. మనుషులంతే లెండి, కట్టేటప్పుడు తరతరాలకూ అంటారు.

తర్వాత ఒక ప్లీడరు ఉన్నాడు, ఆ పైన ధాన్యం బస్తాలూ వాటితో పాటు ఎలుకలూ ఉన్నాయి. అప్పుడు కింది వాటాలోకి అద్దెకు వచ్చింది కాంతమణి, లాంచీ నడిపే మొగుడితో. మొగుడు పోయినా ఆవిడ కదల్లేదు, ముందుగదిలో జాకెట్లు కుట్టుకుంటూ ఉండిపోయింది. ఏటా దసరాకి చెయ్యి అందినంత మేర నాకు వెల్ల వేసేది. నిజం చెప్పొద్దూ, కట్టించినవాడి కంటే ఆవిడంటేనే నాకు ప్రాణం.

ఇంతలో ఇంటి యజమాని వెంకటపతికి నన్ను పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టాలని బుద్ధి పుట్టింది. పాత కట్టడాలు చూసే అధికారి నన్ను కాపాడాల్సిన ఇళ్లలో చేరిస్తే నేనూ ఉంటాను, కాంతమణీ ఉంటుంది. లేదంటే ఇద్దరం వీధిన పడతాం. ఆయన వస్తున్నాడని తెలిసి కాంతమణి నిచ్చెన ఎరువు తెచ్చింది. పొద్దున్నే నన్ను పై నుంచి కింద దాకా తెల్లగా చేసేసింది.

అధికారి దేవదానం గారు వచ్చి, గుమ్మం పైకి చూసి తెల్లబోయారు.

"ఇక్కడ రంగుల ఓడ ఉండాలి కదమ్మా? దాన్ని చూసే కదా ఈ ఇల్లు ఉంచాలనుకున్నాం."

"దానిక్కూడా రెండు పూతలేశానండి. పెద్దోళ్లొత్తుంటే మాసిన కొంప చూపిత్తామేటండి?"

ఆయన వెనకే వచ్చిన వెంకటపతి మీసాల చాటున నవ్వుకున్నాడు. ఆ నవ్వు చూశాక గానీ కాంతమణికి తను చేసిన పని అర్థం కాలేదు. ముఖం పాలిపోయింది. తడిగుడ్డ పట్టుకుని మళ్లీ నిచ్చెన ఎక్కింది. వెల్ల ఇంకా పచ్చిగానే ఉంది. పసిపిల్లకు ముఖం కడిగినట్టు మెల్లగా తుడుస్తూ పోయింది. కళ్లనీళ్లు ధారగా కారుతున్నాయి. కింద దేవదానం గారు నిచ్చెన పట్టుకున్నారు. ముందు నీలం అలలు కనిపించాయి, ఆ తర్వాత ఎర్ర జెండా.

"చాలమ్మా, దిగండి. ఈ ఇల్లు ఎక్కడికీ పోదు," అన్నారాయన.

నెల తిరక్కుండా నాకో ఇత్తడి పలక బిగించారు. ప్రభుత్వ రక్షణలో ఉన్న కట్టడమట, గోడలకు వెల్ల గానీ రంగు గానీ వేయరాదట, ఎవరూ ముట్టరాదట. దసరా వచ్చింది. కాంతమణి కూడబలుక్కుంటూ పలకంతా చదివింది. వీధిలో అటు చూసింది, ఇటు చూసింది. కొంగు చివర నీళ్లలో ముంచి, గుమ్మం పక్కన నా గోడ మీది మరక గబగబా తుడిచేసి లోపలికి వెళ్లిపోయింది.

నేనైతే ఎవరికీ చెప్పలేదు. మీరూ చెప్పకండి.