ఒక్కపూట జతగాడు

అయినా సీటు ఇంత ఎత్తున పెట్టుకునేవాడికి కాళ్లు చంకల్లోంచే మొదలవుతాయేమో అనుకుంటూ తొక్కుతున్నాను, సైకిలు నాది కాదు, ఎల్డర్ తౌకోలో అనే ప్రచారక కుర్రాడిది, నిన్న ఎవరింట్లోనో పాడైన ఆల్చిప్పలు తిని పొద్దుటికల్లా కడుపు పట్టుకుని పడకేశాడు, మా మోర్మన్ చర్చి ఊరూరికీ పంపే ఈ ఎల్డర్లకి ఒక నియమం ఉంది, ఒంటరిగా గడప దాటకూడదు, జతగాడు ఉండాలి, ఒకడికొకడు కనబడుతూ ఉండాలి, వినబడుతూ ఉండాలి, ఒకడు పడకేస్తే రెండోవాడు కూడా గదిలో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవలసిందే, అందుకే బిషప్ ఫెలెతి తెల్లారగానే నా గుమ్మంలో వాలి, బాబాయ్, రోగి దగ్గర నేనుంటా, ఈ పూటకి రెండో కుర్రాడు లివిటికి జతగాడివి నువ్వే అన్నాడు, ఊళ్లో ఇంకెవడూ దొరకలేదట్రా అన్నాను, అందరూ పెండలం తోటలకి పోయారు బాబాయ్, కోతలు కోసుకుంటూ ఇంటిపట్టున కూచునేది నువ్వొక్కడివే అన్నాడు, బిషప్ అయ్యాక వీడి నోరు మరీ పెరిగింది, చిన్నప్పుడు పెద్ద తుపానులో వీడు కొట్టుకుపోతుంటే నిక్కరు పట్టి ఒడ్డుకి లాగింది నా పందే, ఆ కృతజ్ఞత కూడా లేదు.

ముందు లివిటి పోతున్నాడు, తెల్ల చొక్కా, టై, నడుం చుట్టూ గుడ్డ, గుడ్డమీద మావాళ్లు మర్యాదకి నడుముకి చుట్టుకునే చాప, జేబు మీద నల్ల పేరుబిళ్ల, అసలు పేరు లీవిట్, చివర అచ్చు లేని మాట మా నోట్లో నిలవదు కనుక మేమే ఒకటి తగిలించాం, కెనడాలో ఆల్బర్టా అనే చోట వాళ్ల నాన్నకి గొడ్లమంద ఉందట, ఆర్నెల్లు మంచేనట, అలాంటివాడు వచ్చి మా వవావు దీవి ఎండలో రొయ్యలాగా ఎర్రబడి, పొట్టు ఊడి, మళ్లీ ఎర్రబడి, ఏడాదిన్నర అయ్యింది, ఆరున్నరకి లేస్తాడు, మోకాళ్లూని ప్రార్థన చేస్తాడు, పుస్తకం తెరిచి మా భాష వల్లె వేస్తాడు, మా భాషేమో రాజుగారికి ఒక మాట, దొరలకి ఒక మాట, మాలాంటివాళ్లకి ఒక మాట, వచ్చిన కొత్తలో మా పంది ముందు కుడితి పెట్టి, రాజుగారితో అనవలసిన మాటల్లో, తమరు ఆరగించండి అన్నాడు, అప్పట్నుంచి ఆ పంది నేను పిలిస్తే పలకడం మానేసింది, వాణ్ణి ఎంత ఏడిపించానో, మీ పంది రాజుగారే తాతా అని ఎర్రబడ్డ మొహంతో నవ్వేవాడు తప్ప ఒక్కనాడు మొహం ముడుచుకోలేదు, మర్నాడు మళ్లీ వచ్చి తాతా, ఇంకో పది మాటలు చెప్పండి అనేవాడు, పద్నాలుగు గుమ్మాలు తడితే పదమూడు గుమ్మాలవాళ్లు మాకు మా చర్చి ఉందిలే నాయనా అంటారు, పద్నాలుగో గుమ్మంలో కుక్క ఉంటుంది, వీడు ఆ కుక్క పేరు కనుక్కుని వస్తాడు, చామాకులో కట్టి కొబ్బరిపాలతో ఉడికించిన మాంసం మూడో ఇంట్లో మూడోసారి పెట్టినా కళ్లు మూసుకుని తింటాడు, చుట్టూ ఇంత సముద్రం, ఈత కొట్టకూడదని వాళ్ల నియమం, నా పడవ ఒడ్డుకి లాగడానికి వచ్చినప్పుడు మోకాలిదాకా దిగి ఆగిపోతాడు, నీళ్లవైపు ఒక చూపు చూసి వెనక్కి తిరుగుతాడు, ఆ చూపు నేను చూశాను, ఆ వయసులో నన్నెవరైనా అలా ఆపి ఉంటే వాణ్ణే నీళ్లలోకి తోసేవాణ్ణి, పైగా వీడికి అబద్ధం ఆడ్డం రాదు, నేను చెప్పినవన్నీ నమ్ముతాడు, తుపాను మా చర్చిని లేపి మొహం సముద్రంవైపు తిప్పి పెట్టిందని చెబితే, ప్రతి సోమవారం వాళ్లమ్మకి రాసే ఉత్తరంలో అదీ రాశాడు, ఆవిడ బెంగపడి, లోపలున్న బెంచీలు కూడా తిరిగాయా అని అడిగిందట.

ఇంతకీ ఎటురా నాయనా అన్నాను, లెసియెలి బామ్మ ఇంటికి తాతా, మూడు రోజుల్నుంచి దగ్గూ జ్వరమూ అట, వచ్చి ఆశీర్వాదం ఇవ్వమని కబురు పెట్టింది అన్నాడు, నా కాళ్లు తొక్కడం మానేశాయి, సైకిలే తనంతట తాను కాస్త దూరం పోయింది, లెసియెలి మా అక్క, ఒక్కగానొక్క అక్క, ఊరంతా ఎరిగిన సంగతి పరాయివాడికి మాత్రం ఎవరూ చెప్పరు, మా ఇంటికీ అక్క ఇంటికీ నాలుగు వందల అడుగులు, ఆరేళ్లుగా నేను ఆ నాలుగు వందలు వెయ్యకుండా బీచి పక్కనుంచి చుట్టూ తిరిగి దుకాణానికి పోతున్నాను, ఐసాకె బావ పోయిన రోజున అందరూ నల్లబట్టలు కట్టి లోపల శవం చుట్టూ కూర్చున్నారు, మా ఆచారంలో పెళ్లాం తరఫు మగవాళ్లది వంటపని, పెళ్లాం తమ్ముణ్ణి కనుక నా చోటు పెరట్లో, కందకం పొయ్యి దగ్గర, పందులు కాలుస్తున్న కుర్రాళ్లు దిగులుగా ఉన్నారని నోరూరుకోక చెప్పాను, బావ ఒకసారి పడవలో నిద్రపోయాడర్రా, ఆ గురకకి హడలిపోయి తిమింగలాలన్నీ పిల్లల్ని తోలుకుని పక్క దీవికి వలసపోయాయి, ఇవాళ గురక ఆగింది, రేపటికల్లా తిరిగొస్తాయి చూడండి అన్నాను, ముప్పైమంది ఒక్కసారి నవ్వారు, ఆ నవ్వు పెరడు దాటి ఇంట్లోకి పోయింది, ఇంట్లో ఏడుపు టక్కున ఆగింది, ఆ నిశ్శబ్దం నా చెవిలో ఇంకా ఉంది, మా దీవుల్లో అక్క అంటే తమ్ముడికి రాణిగారి కింద లెక్క, అలాంటి అక్క మొగుడి శవం లేవకముందే నవ్వించాను, ఆమె ఒక్క మాట అనలేదు, ఆ తర్వాత తుంటి నొప్పితో ఇల్లు కదలడం మానేసింది, చర్చికీ రావడం లేదు, ఒక్క తిట్టు తిట్టినా వెళ్లి కాళ్ల దగ్గర కూర్చునేవాణ్ణి, తిట్టని మనిషి దగ్గరికి ఏ మొహం పెట్టుకుని పోవాలి, ఇప్పుడు జ్వరమట, మూడు రోజులట, డెబ్బై తొమ్మిదేళ్లు, ఈ జ్వరంలోనే పోతే.

గేటు దగ్గర దిగిపోయాను, నువ్వు వెళ్లిరా నాయనా, నాకు కాలు పట్టేసింది, ఇక్కడే సీమపనస నీడలో ఉంటాను అన్నాను, కనబడరు కదా తాతా అన్నాడు, కిటికీలోంచి చూస్తూ ఉండు, కిటికీకి గుడ్డ కట్టి ఉంది తాతా, పోనీ గట్టిగా పాడుతూ ఉంటాను, వినబడుతుందిగా, కనబడాలి, వినబడాలి, రెండూ ఉండాలి తాతా, ఒరే, ఇంత చిన్న ఊళ్లో నేనెక్కడికి పారిపోతానురా, మీరు కాదు తాతా, నేను అన్నాడు, నియమం నాకు, మీరు లోపలికి రాకపోతే నేనూ వెళ్లకూడదు, అన్నాడు, ఇక ఒత్తిడి చేస్తాడనుకున్నాను, బోధ చేస్తాడనుకున్నాను, ఏమీ లేదు, సైకిలు గోడకి ఆనించి వచ్చి నా పక్కనే గడ్డిలో కూర్చున్నాడు, నీడ నాకు వదిలేసి తను ఎండలో, ఎందుకు రారని కూడా అడగలేదు, చేతులు మోకాళ్లమీద పెట్టుకుని కూర్చున్నాడు, వేళ్లన్నీ పగుళ్లు, సబ్బునీళ్ల పగుళ్లు కొన్ని, గొడ్డలి పగుళ్లు కొన్ని, గొడ్డలి ఎక్కడిదా అని చూస్తే ఇంటి పక్కన కట్టెలు కనబడ్డాయి, అన్నీ ఒకే కొలత, ఇటుకలు పేర్చినట్టు, నా నడుమెత్తు మోపు, అదెవరురా కొట్టింది అంటే, నేనూ తౌకోలో, ప్రతి శుక్రవారం, బామ్మకి ఎవరూ లేరు కదా అన్నాడు, వాడు అబద్ధం ఆడడని చెప్పాను కదా, ఆ మాట వాడికి తెలిసినంతలో నిజం, అందుకే అది నా వీపు మీద చరిచినట్టు తగిలింది, అక్క పొయ్యికి కట్టె తమ్ముడు తేవాలి, ఆల్బర్టా నుంచి రానక్కర్లేదు.

లోపల్నించి దగ్గు, దగ్గు వెనకాల గొంతు, ఎవరక్కడ, లివిటీ నువ్వేనా, నేనే బామ్మా, మరి గడ్డిలో కూర్చుని గుడ్లు పెడుతున్నావా, లోపలికి రావేం, వీడి నోరు చేత్తో మూసి ఆపుదామనుకున్నాను, ఈలోపే చెప్పేశాడు, నా జతగాడు రావడం లేదు బామ్మా, ఎవడా జతగాడు, సెమీసి తాత, అంతే, నిశ్శబ్దం, అదే నిశ్శబ్దం, పక్కింట్లో ఆడవాళ్లు బట్ట చెయ్యడానికి చెట్టు బెరడు దంచుతున్న చప్పుడు కూడా ఆగినట్టనిపించింది, ఆ తర్వాత అక్క గొంతు, రమ్మను, ఎండలో కూచోబెట్టి ఆ పసివాడికి కూడా పంది కథలు చెబుతున్నాడా ఏం, అని, నేను లేచాను, ఎలా లేచానో తెలియదు, తల వంచుకుని గుమ్మం దాటి, గోడవారగా, చాప చివర, వీలైనంత కిందికి కూర్చున్నాను, అక్క మొహం చూడలేదు, పాదాలే చూశాను, వాచి ఉన్నాయి.

లివిటి జేబులోంచి వేలంత సీసా తీశాడు, ప్రార్థన చేసి పెట్టుకున్న ఆలివు నూనె, ఇద్దరుంటే మంచిది తాతా, మీరూ ఈ పనికి చర్చి నియమించినవాళ్లే కదా, బిషప్ చెప్పారు, బామ్మ నడినెత్తి మీద ఒక్క చుక్క వేసి పేరు పెట్టి నాలుగు మాటలు చెప్పండి, మిగతా ప్రార్థన నేను చేస్తాను అని సీసా నా చేతిలో పెట్టాడు, అమాయకుడా, ఏం అడుగుతున్నావో నీకు తెలుసా, అక్క తల, అక్క పడుకున్న దిండు నేను చేత్తో ముట్టినవాణ్ణి కాదు, అక్క కూర్చుంటే నేను నిలబడి ఎరగను, అక్క నిలబడితే నేను వంగే నడిచాను, పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి ఇంతే, ఇప్పుడు ఆ నెత్తి మీదికి వంగి నిలబడి, చెయ్యి వేసి, పేరు పెట్టి పిలవాలా, లివిటి వైపు చూస్తే వాడు నా వైపు చూస్తున్నాడు, ఆ చూపులో తొందర లేదు, ఎండలో కూర్చున్నప్పుడు ఎంత ఓపిక ఉందో ఇప్పుడూ అంతే ఉంది, ఆరు ఖండాల్లో ఎక్కడికి పంపినా వీడిలాంటివాళ్లు ఇలాగే వేచి ఉంటారేమో, అక్కే అంది, ఏరా, నా తల కాలుతుందా, జ్వరం అంత లేదులే, రా.

నేను కదల్లేదు, అక్కా, ఆ రోజు పొయ్యి దగ్గర అన్నాను, ఆ రోజా అంది అక్క, ఆ రోజు నీ మాట కిటికీలోంచి నాకు స్పష్టంగా వినబడిందిరా, నలభై ఏళ్లు ఆ గురక పక్కన పడుకున్నది నేను, నవ్వొచ్చింది, శవం తల దగ్గర కూర్చుని నవ్వాను, నల్లబట్ట మొహం మీదికి లాక్కున్నా భుజాలు అదురుతూనే ఉన్నాయి, ఏడుస్తున్నాననుకుని ఆడవాళ్లంతా ఏడుపు ఆపి నన్ను పట్టుకున్నారు, ఆ సిగ్గుతో చచ్చాను, నిన్ను చూస్తే మళ్లీ నవ్వొస్తుందేమోనని భయపడి కబురు పెట్టలేదు, నువ్వేమో అలిగావనుకున్నాను, నేనా, అలిగానా, అక్కా, నువ్వు అలిగావని నేను, అని ఇద్దరం అక్కడ ఆగిపోయాం, లివిటికి సగం మాటలు అర్థమయ్యాయో లేదో, బామ్మా, ఏడుస్తున్నారా నవ్వుతున్నారా అని అడిగాడు, నీకెందుకురా, నువ్వు మీ అమ్మకి రాసేస్తావు అంది అక్క, దగ్గుతూ, నవ్వుతూ, దిండు మీంచి ముందుకి జరిగి, నేను చూస్తుండగా, నా ముందు, తల వంచింది.

అప్పుడు నిలబడ్డాను, నిటారుగా, అక్క ఎదుట మొదటిసారి, నూనె చుక్క వేశాను, మాటలు మరిచిపోయాను, లివిటి పక్కనుంచి ఒక్కొక్క మాటా అందించాడు, వాడి వంకర ఉచ్చారణలోనే, నేను వెనకాలే పలికాను, లెసియెలి ఫునాకి అని పేరు పెట్టి పలికాను, ఆపైన వాడు తన పగిలిన చేతులు నా చేతుల పక్కన పెట్టి ప్రార్థన మొదలుపెట్టాడు, ఏం చెప్పాడో సరిగా వినలేదు, నేను చూస్తున్నాను, కళ్లు మూసుకోవాలని తెలుసు, అయినా చూస్తున్నాను, పైనుంచి, పలచబడ్డ తెల్ల జుట్టు, మధ్యలో గులాబీరంగు పాపిట, నా ఒక్క అరచెయ్యి కింద మొత్తం తల, వెచ్చగా, కొబ్బరి చిప్పంత, ఇంతేనా అక్క, ఇంతేనా, జీవితమంతా కింద కూర్చుని చూసినవాడికి ఇది ఎలా తెలుస్తుంది, ఇప్పుడు చిక్కిపోయిందనుకోవడానికి కూడా లేదు, ఎముక చిక్కదు కదా, మొదట్నుంచీ ఇంతే చిన్న మనిషి, నన్ను చంకనేసుకుని వాననీళ్ల తొట్టె దాకా మోసుకుపోయి మొహం కడిగిన రోజుల్లో అక్కకి ఎన్నేళ్లు ఉంటాయి, అయిదో, ఆరో, నేను అప్పటికే బొద్దుగా ఉండేవాణ్ణట, ఇంత చిన్నపిల్ల నన్ను మోసింది.