ఊడ్చి నీళ్లు చల్లిన జాగ

"బటన్ ఒత్తుడే గద, నీకేం కష్టం" అని మా ఆయన కమలాకర్ మొదటిసారి అన్నది రైస్ కుక్కర్ కొన్న రోజు. తర్వాత మిక్సీ వచ్చినప్పుడు అన్నాడు, వాషింగ్ మిషన్ వచ్చినప్పుడూ అన్నాడు. బియ్యంలో రాళ్లేరేది, జేబులు వెతికేది, కాలర్లు రుద్దేది, తడిబట్టల బకెట్ మిద్దె మీదికి మోసేది, సాయంత్రం మడతలు పెట్టేది ఏ బటనో నాకిప్పటికీ కనపడలేదు. మా మహిళా సంఘానికి పొలాల్లో మందు కొట్టే డ్రోన్ వచ్చి, దాన్ని నడిపే పని నాకు అప్పజెప్పినప్పుడు కూడా ఆయన నోటి వెంట అదే మాట వచ్చింది. మిగతా వాటన్నిటి విషయంలో అది పచ్చి అబద్ధమని నాకు తెలుసు. డ్రోన్ విషయంలో మాత్రం సగం నిజం. ఆ సగం నిజాన్ని రెండేళ్లు కొంగుకింద దాచుకుని తిరిగాను.

మాది మోత్కూర్ దగ్గర పల్లె. సంఘంలో ఇంటర్ దాకా చదివిన వాళ్లం ముగ్గురం. మిగతా ఇద్దరికీ చంటిపిల్లలున్నారు కాబట్టి నన్ను పదిహేను రోజుల శిక్షణకు హైదరాబాద్ పంపారు. డ్రోన్‌ను లేపడం, ముందుకు పంపడం నాకు రెండో రోజుకే పట్టుబడింది. చిక్కంతా తిరిగి తేవడంలోనే. అది నాకు వీపు చూపించి పోతున్నంతసేపు దాని కుడి నా కుడే. ముఖం ఇటు తిప్పుకుని నా వైపు వస్తున్నప్పుడు మాత్రం నేను కుడికి నెడితే అది నా ఎడమకు జరుగుతుంది. పరీక్ష రోజు దాన్ని తీసుకుపోయి మైదానం చుట్టూ కట్టిన వలకు గుద్దాను. వెనక కూర్చున్న కుర్రాళ్లు పడీపడీ నవ్వారు. మాకు నేర్పే ఇస్రాయేలు సార్ ఇంకోసారి అవకాశమిచ్చాడు. ఎలాగో గట్టెక్కాను.

దాంట్లో రిటర్న్ బటన్ అని ఒకటి ఉంటుంది. డ్రోన్ ఎక్కణ్నించి లేచిందో ఆ చోటును అదే గుర్తుపెట్టుకుంటుంది. బటన్ ఒత్తితే చాలు, పైకి లేచి, తనంతట తానే వచ్చి, సరిగ్గా అక్కడే దిగుతుంది. సర్టిఫికెట్ చేతిలో పెడుతూ సార్ చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "కంటికి కనవడ్తున్నంత సేపు చేతితోనే తేవాలమ్మా. బటన్ ఆపదకు. దానికి జాగ గుర్తుంటది గానీ, ఆ జాగల ఎవరున్నరో దానికి తెల్వది. ఇంటికి పోయినంక రోజూ ఒక గంట ప్రాక్టీస్ చెయ్యి." సరే సార్ అన్నాను.

ఆ ఒక గంట నాకెప్పుడూ దొరకలేదు. పొద్దున వంట, బర్రె, అమ్మాయి బడి. పది నుంచి నాలుగు దాకా పొలాలు. ఐదయ్యిందంటే బర్రె అరుస్తుంది, పాలు పిండాలి, నీళ్లు పట్టాలి, పొయ్యి వెలిగించాలి. ఒక ఆదివారం ఖాళీ ట్యాంకుతో బీడులోకి తీసుకుపోదామంటే మా ఆయన బ్యాటరీలు ఆడుకునేందుకు కావని కసిరాడు. డ్రోన్‌ను పొలాలకు చేరవేసేది ఆయన ట్రాలీ ఆటోలోనే. ఆయన లేకపోతే అది గడప దాటదు. మోత్కూర్ హోటల్ దగ్గర చాయ్ తాగుతూ నలుగురి ముందు ఒకసారి అన్నాడట, "డ్రోన్‌కైతే బటన్ ఒత్తాలె, ఐదు కొడితే మా ఆమె దానంతలదే ఇంటికొస్తది" అని. ఆ మాట నాకు చెప్పిందీ ఆయనే, మళ్లీ నవ్వుతూ. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అయితే తప్పంతా ఆయన మీదికి నెట్టేసి చేతులు దులుపుకోవడానికి ఇది రాయడం లేదు. గంట దొరకలేదన్నది నిజం. దొరకనందుకు లోలోపల కాస్త హాయిగా ఉండేదన్నదీ నిజమే. వల, ఆ కుర్రాళ్ల నవ్వు గుర్తొచ్చి, బటన్ ఉంది కదా అనుకునేదాన్ని. ట్యాంకు ఖాళీ కాగానే ఒత్తేదాన్ని. అది చక్కగా వచ్చి దిగేది. గట్టు మీద జనం అబ్బ అనేవాళ్లు. బడిలో పిల్లలకు చూపించమని పిలిచారు, పేపర్లో ఫోటో వేశారు. మా ఆయన రిమోట్ పట్టుకుని ఫోటోలు దిగేవాడు. పంపడమే తప్ప తేవడం రాదని ఊరంతటిలో నాకొక్కదానికే తెలుసు. పొగిడిన ప్రతిసారీ చెవులు వేడెక్కేవి.

పోయిన వానాకాలం బీరప్ప వరిపొలానికి మందు కొట్టడానికి పోయాం. డ్రోన్ లేచేటప్పుడు, దిగేటప్పుడు దాని గాలికి దుమ్ము రేగి కళ్లల్లో, మోటార్లలో పడుతుంది. అందుకని దాన్ని పెట్టే చోట నాలుగు బారల మేర ఊడ్చి నీళ్లు చల్లుతాను. పదేళ్ల వయసు నుంచి ఇంటి ముందు చేస్తున్న పనే. ఆ పని చేసేటప్పుడు నా చెయ్యి తడబడదు. ఆ రోజు కూడా చింత నీడ పక్కన ఊడ్చి, చిన్న చిన్న రాళ్లు ఏరేసి, బిందెడు నీళ్లు చల్లి అక్కణ్నించి లేపాను. పొలం అవతలి మూల కనపడకుండా తాటిచెట్లు అడ్డం ఉంటే చాలా దూరం నడిచి గట్టు మీదికి వెళ్లాను. ఊడ్చిన చోటు నా వీపు వెనక ఉండిపోయింది.

అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట. మా అత్త సుగుణమ్మ పక్క చేనులో కలుపుకు వచ్చింది. తోటి కూలీలిద్దరితో కలిసి సద్ది విప్పడానికి జాగ వెతుక్కుంది. చుట్టూ ముళ్లు, బురద. నడుమ ఒక్కచోట శుభ్రంగా ఊడ్చి, నీళ్లు చల్లి ఉంది. ఏ ఆడమనిషైనా ఏం చేస్తుంది? వెళ్లి కూర్చుంది.

ట్యాంకు ఖాళీ అయ్యింది. ఎప్పటిలాగే బటన్ ఒత్తాను. డ్రోన్ నా తల మీదుగా పోయింది. నింపాదిగా వెనక్కి తిరిగి చూస్తే దాని కింద ముగ్గురు మనుషులు, మూడు డబ్బాలు. కేక పెట్టాను. కూలీలిద్దరూ లేచి ఉరికారు. అత్తకు మోకాళ్ల నొప్పులు, ఒక చెయ్యి నేలకు ఆనిస్తే తప్ప లేవలేదు. రిమోట్ మీద డ్రోన్‌ను తిప్పే పుల్లను కదిలిస్తే చాలు డ్రోన్ నా చేతిలోకి వస్తుందని నాకు తెలుసు. కదిలించాను. తిరక్కుండా వెనక్కి వెనక్కి పోయింది కాబట్టి దాని ముఖం నా వైపే ఉంది. అటు పక్కకు నెడుతున్నా అనుకుని ఇటు నెట్టాను. అది అత్త మీదికే జరిగింది. ఆ గాలికి కొంగు ముఖానికి చుట్టుకుని, కళ్లు కనపడక, అత్త పక్కనున్న గట్టు మీద పడింది. ఆమె చెయ్యి విరిగిన చప్పుడు నాకు వినపడలేదు, అంత దూరాన ఉన్నాను. పుల్లను వదిలేశాను. కూలీలు అత్తను ఈడ్చుకుపోయేదాకా దాన్ని గాలిలో అలాగే నిలబెట్టి, తర్వాత నాకు వచ్చిన ఒకే ఒక్క పని మళ్లీ చేశాను. బటన్ ఒత్తాను. అది బుద్ధిగా వచ్చి, అత్త విప్పిన సద్ది మీద దిగింది.

పరుగెత్తుకొచ్చిన బీరప్ప మిషన్‌కు పిచ్చి లేచిందా ఏందమ్మా అన్నాడు. "ఏందో, లోపల ఏదో ఖరాబైనట్టుంది" అన్నాను. అంత తేలిగ్గా వచ్చింది ఆ అబద్ధం.

భువనగిరి దవాఖానలో అత్త కుడిచేతికి పట్టీ వేశారు. మూడోరోజు మెకానిక్ వచ్చి అంతా చూసి మిషన్‌లో ఏ లోపమూ లేదని చెప్పిపోయాడు. ఇక తప్పు ఎవరిదో ఒకరిది కావాలి. మా ఆయన అది తల్లి నెత్తిన పెట్టాడు. అన్నం తినేటప్పుడు ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, ఎవరైనా చూడ్డానికొస్తే వాళ్ల ముందు ఇంకోసారి. ఇంతింత కళ్లేసుకుని గాడనే కూసుంటరా, తెలివి ఉండద్దా, లక్షల మిషన్ ఖరాబైతే ఎవరు జవాబు చెప్తరు. అత్త ప్రతిసారీ "నాదే తప్పు బిడ్డా, నాకే సోయి లేకపాయె" అనేది. నేను పక్కనే కూర్చుని ఆమెకు ముద్దలు కలిపి పెట్టేదాన్ని. అలా పన్నెండో రోజు దాకా. ఆమె నోట్లో అన్నం పెడుతూ, ఆమెతో నా తప్పును ఒప్పిస్తూ. ఆమె నోరు తెరిచిన ప్రతిసారీ నా కళ్లు కంచంలోకి దించుకునేదాన్ని.

పన్నెండో రోజు పొద్దున ఆమెకు తల దువ్వుతున్నాను. ఆయన ఇంట్లో లేడు. అత్త ఉన్నట్టుండి, తనలో తను అనుకుంటున్నట్టు మెల్లగా అంది.

"నాకోసమే ఊడ్సినవనుకున్న బిడ్డా. కోడలు సద్ది తినెటందుకు జాగ జేసిపెట్టిందని ఆ ఇద్దరికి గూడ జెప్పిన."

ఈ ఇంటికొచ్చి పద్నాలుగేళ్లు. ఆమె కూర్చునేందుకని నేనెప్పుడూ ఎక్కడా ఊడ్చింది లేదు. నాకోసం ఎవరైనా ఊడ్చారా అంటే అదీ లేదు. అయినా ఆమె అలా అనుకుని, ఇద్దరికి గొప్పగా చెప్పుకుని, ఆ గొప్ప మీద కూర్చుని సద్ది విప్పింది. నేను దాని మీదికి డ్రోన్‌ను దించాను. సిగ్గంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. కుర్రాళ్లు నవ్వినప్పుడు వచ్చింది సిగ్గు కాదు, ఉత్త ఉక్రోషం. జడ వేసి రబ్బరు పెట్టి లేచాను.

ఆ సాయంత్రమే సంఘం మీటింగ్. డ్రోన్‌ను ఏం చేయాలో తేల్చాలని అధ్యక్షురాలు పుష్పమ్మక్క అందర్నీ పిలిచింది. అత్త పాత సభ్యురాలు, పట్టీ చెయ్యి ఒళ్లో పెట్టుకుని గోడవారగా కూర్చుంది. మగవాళ్లు లోపలికి రాకూడదు కాబట్టి మా ఆయన గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఇక నుంచి తానే నడుపుతానని, కాగితాల్లో నా పేరే ఉండనిమ్మని, ఇంట్లో తల్లిని చూసుకోవడానికి మనిషి కావాలని చెప్పాడు. చెప్పి, అలవాటుగా, అమ్మ ముసల్ది, తెలువక కూసున్నది, గంతే అని ముగించాడు. తలలన్నీ ఊగాయి. అత్త నోరు తెరిచింది. ఏమనబోతుందో నాకు తెలుసు. ఆమె అనకముందే లేచి నిలబడ్డాను.

"అత్తది తప్పు కాదు. మిషన్‌ది గూడ కాదు. నాకు దాన్ని పంపుడొస్తది, తెచ్చుడు రాదు. రెండేండ్ల సంది బటన్ ఒత్తి తెప్పిస్తున్న. ఆ జాగ ఊడ్సింది నేను. మల్ల ఎనకకు సూడకుంట బటన్ ఒత్తింది నేను. అటు దిప్పబోయి ఆమె మీదికి దిప్పింది గూడ నేనే."

మూలనుంచి ఎవరో, మరి పేపర్ల ఫోటో ఎట్ల ఏయించుకున్నవక్కా అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వాల్సిన మాటే. చెవుల్లోంచి ఆవిర్లు వస్తున్నా కూర్చోలేదు. నన్ను తీసేసినా సరే, తీయకపోతే మాత్రం నేర్చుకుంటానని, నేర్చుకునేదాకా ఎవరి పొలానికీ పోనని చెప్పాను. పుష్పమ్మక్క నెల గడువిస్తామని, అందరి ముందు చేతితో తెచ్చి దించితేనే పని నాదని, లేకపోతే వేరే ఆడపిల్లను శిక్షణకు పంపుతామని తేల్చింది. గుమ్మంలోకి చూసి, ట్రాలీ మాత్రం నువ్వే తోలు కమలాకర్ అంది.

దారిలో ఆయన ఒక్కటే మాట అన్నాడు. "నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవ్." చేసింది నేను, ఒప్పుకుంది నేను, విరిగింది ఆయన తల్లి చెయ్యి, పోయింది ఆయన ఇజ్జత్. నాకు కోపం కూడా రాలేదు. ముందు నడుస్తున్న అత్త వెనక్కి తిరగలేదు. నా ముఖం కూడా చూడలేదు. నేను ఆమె వెనకే నడిచాను. ఆమె పక్కన నడిచే మొహం నాకు లేదు.

మర్నాడు సాయంత్రం నాలుగున్నరకు డ్రోన్‌ను ట్రాలీలో ఎక్కించమన్నాను. పాలు ఎవరు పిండుతరని అడిగాడు. "నువ్వే పిండు. దానికి మాత్రం బటన్ లేదు" అన్నాను. గొణుక్కుంటూ ఊరి బయట బీడులో మమ్మల్ని దించి వెళ్లిపోయాడు. మమ్మల్ని అంటే నన్ను, అత్తను. రమ్మని నేను పిలవలేదు. చీర చెంగు సర్దుకుని తనే ట్రాలీ ఎక్కింది. దిగాక మాత్రం దూరంగా రోడ్డు అంచున, ఎండలోనే నిలబడిపోయింది. నిలబడలేక ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటోంది. డ్రోన్ దగ్గరికి పోవద్దని కొడుకు పదిసార్లు చెప్పి ఉంటాడు.

నేను చీపురు తీసుకుని రోడ్డు పక్కనున్న వేపచెట్టు కిందికి వెళ్లాను. రాలిన ఆకు, పుల్లలు, గాజుపెంకులు ఏరి, ఇద్దరు కూర్చునే మేర ఊడ్చాను. డబ్బాలో తెచ్చుకున్న నీళ్లన్నీ అక్కడే చల్లేశాను. డ్రోన్ బీడు నడుమ దుమ్ములోనే ఉంది. మొదటిరోజే మళ్లీ ఎక్కడికి గుద్దుతానో, ఎంతమంది చూసి నవ్వుతారో తెలియదు.

"అత్తా, రా. కూసో" అని పిలిచాను.

ఆమె తడి నేల వైపు చూసింది, పట్టీ చేతిని గుండెకు దగ్గరగా పెట్టుకుంది. అడుగు కదపలేదు.

"గాడ మిషన్ దిగుతది గద బిడ్డా."

"దిగదత్తా. ఇది నీకోసమే ఊడ్సిన. దాన్ని నేను దుమ్ములనే దించుకుంట."